కట్ట మీద సభ

ప్రిస్కిల్లా వార్డు మెంబరై నాలుగేళ్లు దాటింది. ఊరంతా ఒక్కచోట నిలబడటం మాత్రం ఏనాడూ చూడలేదు. గ్రామసభ పెడితే పాతికమంది వచ్చేవారు, అందులో సగం మంది పింఛను సంగతి అడిగి లేచిపోయేవారు. అలాంటిది ఆ జూలై మధ్యాహ్నం గుట్టకిందిపల్లె మొత్తం పెద్దచెరువు కట్ట మీదే ఉంది. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, యూరియా సంచులు నెత్తిన కప్పుకున్న ఆడవాళ్లు, అందరూ తడిసి ముద్దయి నిలబడ్డారు. వాన పట్టు విడవలేదు. లక్సెట్టిపేట రోడ్డు మునిగిపోయింది. ఫోన్లు పనిచేయడం లేదు. బయటి నుంచి ఎవరో వస్తారన్న ఆశ పొద్దుటితోనే పోయింది.

చెరువు అలా కూడా ఉంటుందని ఆమెకు తెలియదు. గుట్టల మీది నీళ్లన్నీ ఒక్కసారే దిగినట్టుంది, అవతలి ఒడ్డు కనబడటం లేదు. చెట్ల కొసలు మాత్రం నీటిలోంచి పైకి చూస్తున్నాయి. కట్ట అంచున మట్టి పెళ్లలు పెళ్లలుగా జారుతోంది. భయపడటానికి ముందు ఆమె ఊరికే నోరు తెరుచుకుని చూసింది. ఇన్నాళ్లూ బట్టలు ఉతికిన నీళ్లేనా ఇవి అనిపించింది.

చెరువు నిండితే మిగులు నీరు మత్తడి మీదుగా పొర్లిపోవాలి. రెండో పంటకు నీళ్లు మిగలాలని రైతులు నిరుడు ఆ మత్తడి మీద ఇసుక సంచులు పేర్చి ఎత్తు పెంచారు. ఇప్పుడు ఆ సంచులు తీస్తే నీరు దిగుతుంది. కానీ మత్తడి కింద సగం ఊరి పొలాలున్నాయి, అన్నీ మొన్ననే నాట్లు పడ్డవి. పైగా, సంచులు తీసినా కట్ట నిలుస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు. కట్ట నడుమ తెగితే ఊరే ఉండదు.

ఇంకో దారి ఉప సర్పంచ్ విజయేందర్ చెప్పాడు. కట్ట తూర్పు కొసన గండి కొడితే నీరు మిషన్ వాడ మీదుగా పోయి వాగులో కలుస్తుంది. పొలాలు దక్కుతాయి, ఊరూ దక్కుతుంది.

మిషన్ వాడ ప్రిస్కిల్లాది. పాత మెథడిస్టు చర్చి చుట్టూ ఉన్న కొన్ని ఇళ్లు, చాలావరకు మట్టిగోడలవి. ఆమె భర్త స్టీఫెన్ శ్రీరాంపూర్ గనిలో కాంట్రాక్టు పనికి పోతాడు. అత్త మగ్దలేనమ్మ మంచం దిగలేని మనిషి. విజయేందర్ చెడ్డవాడేం కాదు. మనుషుల్నీ గొడ్లనీ ముందే బడికి చేరుద్దామన్నాడు. ఒక్క ప్రాణం కూడా పోనివ్వనన్నాడు, ఇళ్లు పోతే సర్కారుతో కొట్లాడి కట్టిద్దామన్నాడు. ఇదంతా చెబుతున్నంతసేపూ ప్రిస్కిల్లా వైపు మాత్రం చూడలేదు.

"ఊరంత ఈడనే ఉన్నది. గిదే గ్రామసభ అనుకోండ్రి. ఒప్పుకున్నోళ్లు చేతులెత్తుండ్రి" అన్నాడు.

చేతులు లేచాయి. ముందు అక్కడక్కడ, ఆ వెనక కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా. వానలో నల్లబడ్డ ఆ చేతుల్ని చూసి ప్రిస్కిల్లా ఒళ్లు జలదరించింది. వాటిలో పగ లేదు, అరుపు లేదు. తన పక్కన ఏటా నాట్లు వేసే సరోజన కూడా తల వంచుకుని చెయ్యెత్తింది. ఇంతమంది ఒక్క మాట మీద నిలబడితే ఎదురుగా ఏది నిలుస్తుంది అనుకుంది. వద్దన్నవాళ్లు ఎత్తమంటే మిషన్ వాడవాళ్లు ఎత్తారు, ఊళ్లోంచి ఒకరిద్దరు. లెక్కపెట్టే అవసరం కూడా రాలేదు. ఒకతను గడ్డపార భుజాన వేసుకుని తూర్పు కొసకు కదిలాడు.

సర్పంచ్ ఎల్లేశం అతనికి అడ్డం వచ్చి నిలబడ్డాడు. ఎల్లేశం మాటకారి కాదు. సభల్లో మైకు ఇస్తే పక్కవాడికి అందించే మనిషి.

"ఊరి మాట ఇన్న. కని గిది నేను చెయ్యనియ్య" అన్నాడు.

కట్ట మీద కలకలం రేగింది. ఊరు చెప్పింది చేయడానికి కాకపోతే నిన్నెందుకు గెలిపించుకున్నామని విజయేందర్ అడిగాడు. నీ పొలం మత్తడి కింద లేదు, అందుకే అంటున్నావని వెనక నుంచి ఎవరో అన్నారు.

"లేదు. నిజమే" అన్నాడు ఎల్లేశం. "నాకు ఓటేసినోళ్లకే నేను సర్పంచునైతే, గా వాడకు సర్పంచు ఎవ్వడు? బడి యాడ కట్టాలె, రోడ్డు ఎటు వెయ్యాలె అంటే మీరు చేతులెత్తుండ్రి, నేను తల వంచుత. ఒకని ఇల్లు ముంచుడు చేతులతోని తేలేది కాదు."

"మరి కట్ట తెగితె?" అన్నాడు విజయేందర్.

"తెగితె నాదే తప్పు. నన్ను పోలీసోళ్లకు అప్పజెప్పుండ్రి."

అతను నిలువెల్లా వణుకుతున్నాడు. ప్రిస్కిల్లాకు అది స్పష్టంగా కనిపించింది. అతనికి ధైర్యం లేదు. లేకుండానే నిలబడ్డాడు. అంత నీటినీ అన్ని చేతుల్నీ చూసిన కళ్లతోనే ఆ వణికే మనిషిని చూసింది. మూడింటిలో ఏది పెద్దదో చెప్పమంటే ఆ ఘడియలో చెప్పలేకపోయేది.

ఎల్లేశం నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస కట్ట మీది రాయికి చుట్టి, మత్తడి మీదికి దిగాడు. మొదటి సంచి లాగి పడేశాడు. ఎవరూ కదలలేదు. ప్రిస్కిల్లా చెంగు దోపి అతని వెనక దిగింది. నీరు తొడల దాకా కొడుతోంది. రెండో సంచి ఇద్దరూ కలిసి లాగారు.

అప్పుడు భూమవ్వ వచ్చింది. మత్తడి కింద మొట్టమొదటి మడి ఆ ముసలమ్మదే. ఆమె తన మడిని ఒకసారి చూసుకుంది. "జర జరుగు బిడ్డా" అని ప్రిస్కిల్లాను పక్కకు తోసి సంచి కొస పట్టింది. ఆమె వెనక సరోజన దిగింది. ఆ తర్వాత ఒక్కొక్కరే మగవాళ్లు దిగారు. విజయేందర్ దిగలేదు, ఒప్పుకోనూ లేదు. కానీ ఎల్లేశం నడుముకున్న తాడు రాయి మీంచి జారిపోతుంటే వచ్చి రెండు చేతులా పట్టుకున్నాడు. చివరి సంచి దాకా వదల్లేదు.

నీరు ఒక్క ఉరుము ఉరిమి మత్తడి దూకింది. పచ్చటి నారు కళ్లముందే ఎర్రటి నీటి కిందికి పోయింది. చప్పట్లు లేవు. భూమవ్వ గట్టు మీద కూలబడి ఏడ్చింది. సరోజన ఆమె పక్కన కూర్చుంది. పొద్దు వాలేసరికి కట్ట అంచున నీరు జానెడు తగ్గింది. కట్ట నిలిచింది.

పొలాల్లో ఇసుక మేటలు వేసింది. ఆ ఏడు చాలామంది సుల్తానాబాద్ వైపు కూలికి పోయారు. ఇళ్లు పోతే కట్టిద్దామన్నాడు విజయేందర్, పొలం పోతే ఎవరిస్తారు అన్న మాట ఊళ్లో నిలిచిపోయింది. ఎన్నికలు ఆలస్యమై, రెండేళ్లు దాటాక వచ్చాయి. ఎల్లేశం ఓడిపోయాడు. విజయేందర్ గెలిచాడు. మిషన్ వాడ ఓట్లన్నీ ఎల్లేశానికే పడ్డాయి గానీ అవి సరిపోలేదు.

మళ్లీ వార్డు మెంబరైన ప్రిస్కిల్లా ఆ మర్నాడు అతని ఇంటికి పోయింది. ఏమనాలో తెలియక, ఊరు తప్పు చేసిందన్నది.

"తప్పేమున్నది చెల్లె? నన్ను దించే హక్కు ఊరికున్నది, దించిండ్రు. గా దినం అడిగిన హక్కే వాళ్లకు లేకుండె" అన్నాడు ఎల్లేశం. చాయ్ తాగి పొమ్మని చెప్పి, బర్రెలకు గడ్డి వేయడానికి లేచాడు.

ప్రిస్కిల్లా చాయ్ చల్లారేదాకా అక్కడే కూర్చుంది. తనైతే ఆనాడు ఏం చేసేదాన్నని తనను తాను అడుగుతూనే ఉంది.