రాయబారి చెయ్యి

ఎవరికైనా సాయం చేసే ముందు వాళ్ళు చెప్పింది చెవిన పెట్టాలని యాభై నాలుగేళ్ళొచ్చాక తెలిసింది నాకు. అది కూడా మూడొందల డెబ్బై ఏళ్ళ కిందటి కొసాక్కుల వల్ల. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

మా చెల్లెలు వసుమతి అమెరికాలో మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే, మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంటుంది. దాని కూతురు తార పదకొండో క్లాసు. స్కూల్లో హిస్టరీ ఎగ్జిబిషన్‌లో గెలిస్తే స్టేట్ పోటీకి పంపుతారు. పోయినేడు ఒక్క మార్కులో పోయింది, పిల్ల వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. వచ్చే ఏడు కాలేజీ అప్లికేషన్ల గొడవ. కాబట్టి ఇదే ఆఖరు.

ఈసారి కొసాక్కుల్ని తీసుకుంది. ఉక్రెయిన్ గడ్డి మైదానాల్లో గుర్రాల మీద తిరుగుతూ, తమ నాయకుణ్ణి తామే ఎన్నుకునే సైనికులు వాళ్ళు. ఆ నాయకుణ్ణి హెట్మాన్ అంటారట. పోలండ్ రాజుతో యుద్ధం చేసీ చేసీ, 1654లో మాస్కో జార్ పంచన చేరారు. ఆ సీను ప్లైవుడ్‌తో చేసిమ్మని నన్నడిగింది. నేను ఇంటర్ ఫెయిలే గానీ, కార్ల సీట్లు చేసే కంపెనీలో ఇరవై ఏళ్ళుగా కోత మిషన్ మీద ఉన్నాను. చెక్క నా మాట వింటుంది.

తార పంపిన డ్రాయింగ్‌లో హెట్మాన్ చెయ్యి చాచి ఉన్నాడు. జార్ రాయబారి మాత్రం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పిల్లకు చేతులు గీయడం రాక దాచేసిందనుకున్నాను. ఎన్ని సంబంధాలకు పెద్దమనిషిగా కూర్చున్నాను నేను! ఒకవైపు వాళ్ళు తాంబూలం ఇస్తుంటే రెండోవైపు వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చున్న నిశ్చితార్థం ఎక్కడైనా ఉందా? అందుకని రాయబారికి బలమైన చెయ్యి పెట్టి, హెట్మాన్ చేతిలో కలిపేశాను. ఇద్దరినీ ఒకే షీట్‌లో కోశాను. ఆ వేళ్ళకు రంగు వేయడానికే రెండు సాయంత్రాలు పట్టింది.

శుక్రవారం సాయంత్రం తీసుకెళ్ళి హాల్లో నిలబెట్టాను. తార చుట్టూ తిరిగి చూసింది.

"మామా, ఈయనకి చెయ్యి ఎందుకు ఉంది?"

"నువ్వు మర్చిపోయినవ్ బిడ్డా. నేను పెట్టిన."

"ఓ మై గాడ్. మమ్మీ!"

వసుమతి చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చింది. "ఏమైందే?"

"మామ వీళ్ళకి షేక్‌హ్యాండ్ పెట్టాడు. నా ప్రాజెక్ట్ అయిపోయింది."

"షేక్‌హ్యాండ్ ఇస్తే ఏమైతది? మంచిగనే ఉంది గద," అన్నాను.

"లేదు మామా. అందరూ చర్చ్‌కి వెళ్ళారు, ఓకే? జార్‌కి లాయల్‌గా ఉంటాం అని కొసాక్స్ ఒట్టు వేయాలి. వేస్తాం, కానీ మీరు కూడా జార్ తరఫున వేయండి అన్నారు. మమ్మల్ని పోలండ్‌కి ఇచ్చేయం అని, మా రైట్స్ తీసుకోం అని. ఈయన నో అన్నాడు. జార్ తన కింద వాళ్ళకి ఒట్టు వేయడు, అంతే."

"అట్లెట్ల? వీళ్ళొక్కరే వెయ్యాల్నా?"

"పోలండ్ కింగ్ అయితే వేస్తాడు అని కూడా చెప్పారు. ఈయన వినలేదు."

"మరి లేచి పోయిన్రా లేదా?"

"పోయారు. డిస్కస్ చేసుకున్నారు. మళ్ళీ వచ్చి ఒట్టు వేశారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మళ్ళొచ్చిన్రా! అంతంత మీసాలు పెట్టుకొని, సిగ్గు లేదా?"

"అన్నా, వాళ్ళ మీసాల సంగతి తర్వాత. పొద్దున తొమ్మిదికి పిల్ల ఆడ ఉండాలె," అంది వసుమతి.

"ఆగు చెల్లే. తర్వాత ఏమైంది బిడ్డా?"

"పదమూడు ఇయర్స్‌కి జార్, పోలండ్ కింగ్ కూర్చుని వీళ్ళ ల్యాండ్‌ని నది దగ్గర సగం సగం చేసుకున్నారు. వీళ్ళని అడగలేదు. ఇంకో హండ్రెడ్ ఇయర్స్ తర్వాత అదే జార్ సీట్‌లోకి వచ్చిన కేథరిన్ క్వీన్ వీళ్ళ కోట కూడా కూలగొట్టించింది."

"పోనీ గీ చెయ్యి సంగతి జడ్జీలకేం తెలుస్తది? ఉండనీ."

"మామా, ఆ ఒట్టుకి మూడొందల ఇయర్స్ అయినప్పుడు మాస్కో వాళ్ళు కూడా ఇదే చేశారు. పెద్ద సెలబ్రేషన్ పెట్టి, ఇద్దరూ ఇష్టంగా కలిసిపోయారు అని బొమ్మలు వేశారు. అది అబద్ధం అని నేను ప్రూవ్ చేయాలి. నువ్వు వాళ్ళ బొమ్మ చేశావు."

గరిటె పట్టుకుని వసుమతి చూసిన చూపు సంగతి చెప్పను. బొమ్మను ఎత్తుకుని గరాజ్‌లోకి నడిచాను.

అక్కడ ఇంకో తలనొప్పి. వేళ్ళలో వేళ్ళు పెట్టి కలిపానాయె! మణికట్టు దగ్గర కోస్తే రాయబారి అరచెయ్యి హెట్మాన్ పిడికిట్లోనే ఉండిపోతుంది. చివరికి చిన్న రంపంతో హెట్మాన్ వేళ్ళ అంచు వెంబడే కోసుకుంటూ పోయి, అవతలివాడి చెయ్యి భుజం దాకా తీసేశాను. నా రెండు సాయంత్రాలూ రంపప్పొట్టులో పడ్డాయి. హెట్మాన్ చెయ్యి మిగిలింది, లేనిదాన్ని పట్టుకున్నట్టు సగం ముడుచుకుని. రాయబారి భుజం దగ్గర పచ్చి చెక్క కనిపిస్తోంది.

"దానికి రంగన్నా పూయి అన్నా," అంది వసుమతి.

తార రెండడుగులు వెనక్కి వేసి బొమ్మను చూసింది. "వద్దు మామా. ఇలాగే ఉంచు."

మర్నాడు స్కూల్లో జడ్జీగా వచ్చిన పెద్దావిడ కళ్ళజోడు పైకి తోసుకుని ఆ పచ్చి చెక్క మీద వేలు పెట్టింది. దారిలో విరిగిందా అని అడిగింది. తప్పు నాదేనని చెప్పబోయాను. తార నా మోచెయ్యి నొక్కింది. విరగలేదు, ఇటునుంచి చెయ్యి రాలేదు, వాళ్ళు అడిగినా రాలేదు అని ఇంగ్లిష్‌లో చెప్పింది. ఆవిడ చాలాసేపు ఏదో రాసుకుంది. స్టేట్‌కి ఎంపికైన ఇద్దరిలో తార ఒకతి.

తిరిగొచ్చేటప్పుడు కార్‌లో నాకింకా కొసాక్కుల మీద కోపం పోలేదు. "అయినా ఆయన వెయ్యనన్నప్పుడే గుర్రమెక్కి పోవాల్సింది," అన్నాను.

"ఎక్కడికి మామా?" అంది తార, ఫోన్‌లోంచి తలెత్తకుండా. "వెనక పోలండ్ ఆర్మీ ఉంది."

సిగ్నల్ దగ్గర ఆగాం. పోయినేడు మా కంపెనీని కొత్తవాళ్ళు కొన్నప్పుడు ఒక కాగితాల కట్ట ఇచ్చారు. ఏదైనా తేడా వస్తే కోర్టుకు వెళ్ళనని నేను అందులో ఆరు చోట్ల సంతకం పెట్టాను. వాళ్ళ సంతకం ఎక్కడుందని నేను చూడలేదు. కొసాక్కులు కనీసం అడిగారు.

గ్రీన్ పడింది. వెనకవాడు హారన్ కొట్టాడు.

"పోతున్నరా నాయనా, పోతున్న!" అని అద్దంలోకి చూసి అరిచాను.