పరీక్షించని పెట్టె

"మీ ఆవిడకి నరాల బలహీనతండి. బి-కాంప్లెక్స్ వేస్తే తగ్గుద్ది" అన్నాడు మా ఊరి ఆర్ఎంపీ ఆదాం, నన్ను వదిలేసి మా ఆయనతో. గ్రైండరు కడుగుతుంటే చెయ్యి జిల్లుమందని చెప్పినందుకు మొదలైన సూదులవి. తొమ్మిదేళ్లుగా పొడిపించుకుంటూనే ఉన్నాను. మా అత్తగారైతే స్త్రీల కూడికలో లేచి నిలబడి, మా కోడలికి పిరికితనపు ఆత్మ వదలాలని అందరిచేతా ప్రార్థన చేయించింది. నాకు ఫ్రిజ్ తలుపు ముట్టాలన్నా భయమే, భయమని పైకి చెప్పాలన్నా భయమే. నిజంగానే నాకేదో జబ్బుందేమోనన్నది అన్నిటికంటే పెద్ద భయం.

గుంటూరు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. పక్క ఊరి ఇంజినీరింగు కాలేజీలో ల్యాబ్ చూసుకుంటాను. మరి ఇన్నేళ్లలో ఒక్కసారి టెస్టరు పెట్టి చూడలేకపోయావా అని మీరు అడగొచ్చు. మా ఆయన నతానియేలు ఎలక్ట్రీషియన్. మార్టూరు గ్రానైటు పాలిషింగు యూనిట్లలో వైరింగు చేస్తాడు. ఈ ఇంటికీ ఆయనే చేశాడు. గోడకి టెస్టరు పెడితే మొగుడికి పెట్టినట్టే. "డిప్లొమా చదివినదానివి, కరెంటంటే భయమేంటే?" అని నలుగురిలో నవ్వేవాడు. సిగ్గులేకుండా నేనూ నవ్వేదాన్ని.

రెండువేల తొమ్మిది మార్చిలో, కాలేజీ కంప్యూటర్లో ప్రకటన చూసి పాత ఆసిల్లోస్కోపు ఒకటి కొన్నాను. సర్క్యూట్లో కరెంటు ఎలా నడుస్తోందో తెర మీద గీతగా చూపించే పెట్టె అది. అదుంటే పాలిషింగు మిషన్ల బోర్డులు ఇంట్లోనే బాగుచేసి నాకంటూ ఒక పని పెట్టుకోవచ్చని ఆశ. "పరీక్షించలేదు, వాపసు తీసుకోం" అని అమ్మినవాడు ముందే రాశాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. శనివారం మధ్యాహ్నం అత్తగారు చర్చికి వెళ్లాక మంచం కింద నుంచి బయటికి లాగాను.

మూత విప్పి దుమ్ము దులిపాను. ఫ్యూజు మార్చాను. ఉబ్బిన కెపాసిటర్ తీసేసి కొత్తది అతికించాను. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేస్తే అర నిమిషానికి తెర మీద పచ్చగీత వచ్చింది. సన్నగా నిలబడాల్సింది లావుగా ఊగుతోంది. సరిచేద్దామని ముందున్న ఇనప అంచు పట్టుకున్నాను. భుజం దాకా కొట్టింది.

గోడకానుకుని కూలబడ్డాను. బాగుచేయబోయి తగలేశాను, ఆరింటి బస్సుకి ఆయన వస్తాడు, ఏం చెప్పాలి? లేక ఇదీ నా నరాలేనా? లేచి ఆయన పాత టెస్టరు వెతికి తెచ్చి ఆ అంచుకి పెట్టాను. వెలిగింది. టెస్టరుకి నరాలుండవు.

పెట్టె స్విచ్చి ఆపాను. ఇంకా వెలుగుతోంది. గోడ స్విచ్చి ఆపాను. అయినా వెలుగుతోంది. ప్లగ్గు పీకితేనే ఆరింది. అంటే తప్పు పెట్టెది కాదు. స్విచ్చి ఆపలేని ఎర్తు పిన్నులోంచే కరెంటు పెట్టెలోకి వస్తోంది. మళ్లీ ప్లగ్గు పెట్టి, ఇంట్లో మిగతావి ఒక్కొక్కటే పీకుతూ వచ్చాను. ఫ్రిజ్ దగ్గర ఆరిపోయింది. ఫ్రిజ్‌లో లీకైన కరెంటు భూమిలోకి పోకుండా, ఎర్తు తీగ పట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది.

పెరట్లోకి పరిగెత్తాను. మీటరు దగ్గర నుంచి దిగిన ఎర్తు తీగ, గ్రానైటు ముక్కలు పరిచిన చోటికి జానెడు పైన ఆగిపోయింది. ఎలకలు కొరికింది కాదు. కటింగ్ ప్లేయరుతో కోసి, కొసకి నల్లటేపు చుట్టి ఉంది. టేపు చివర లోపలికి మడిచి నొక్కడం మా ఆయన అలవాటు.

అప్పుడే మా జాస్మిన్ బడి నుంచి వచ్చింది. ఎనిమిదేళ్లు దానికి. కుళాయి కింద కాళ్లు కడుక్కుని, తడికాళ్లతో నేరుగా ఫ్రిజ్ దగ్గరికి నడిచింది. ప్లగ్గు పీకేశానని తెలిసీ ఆపబోయాను. అది గౌను అంచు చేతికి చుట్టుకుని తలుపు తీసింది.

"అట్లా పట్టుకున్నావేంటమ్మా?"

"జిల్లుమంటది గదా మమ్మీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"నాన్నమ్మ వద్దంది. చెబితే నాక్కూడా సూదులేస్తారంట."

నా జబ్బే తనకీ వచ్చిందని నా బిడ్డ దాచుకుంటోంది. దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను. ఇంత భయం నా జన్మలో ఎరగను.

ఆరింటికి ఆయన వచ్చాడు. బూట్లు వాకిట్లో విడిచి, ఇంట్లో తిరిగే రబ్బరు చెప్పులు వేసుకున్నాడు. "ఈ డొక్కు ఎవడంటగట్టాడే నీకు?" అని నేల మీది పెట్టెను చూసి అంటూ లోపలికి వచ్చి, ఫ్రిజ్ ఆగిపోయి ఉండటం చూసి ప్లగ్గు పెట్టాడు.

"పెరట్లో ఎర్తు తీగ ఎవరు కోశారండి?"

"ఇల్లు కట్టినప్పుడు రాళ్లు పరవడానికి అడ్డమొచ్చింది. తర్వాత కలుపుదామనుకున్నా, కుదర్లా. ఇప్పుడు ఎవరన్నా చచ్చారా ఏంటి?"

నా గొంతు వణుకుతూనే ఉంది. వణకనిచ్చాను.

"ఆ చెప్పులు విప్పి, ఫ్రిజ్ తలుపు ఒకసారి తీయండి."

ఆయన నవ్వాడు. జాస్మిన్ ఆయన కాళ్ల వైపే చూస్తోంది. నవ్వు ఆగింది.

ఆయన చెప్పులు విప్పలేదు.