వరసైనవాడి మాట

ఫ్లాస్కు మూత బిగించి, కేకు ముక్కల్ని గుడ్డలో చుట్టి, కప్పులు నడకలో గలగలమనకుండా మధ్య మధ్య పాత పీలికలు కుక్కి, మ్వాన్సా బుట్టను భుజానికెత్తుకున్నాడు.

లువాంగ్వా నది ఒడ్డునున్న ఆ అభయారణ్యంలో వచ్చినవాళ్లను కాలినడకన తిప్పి జంతువుల్ని చూపిస్తారు. ముందు తుపాకీతో కాపలాదారు జెరె, అతని వెనక గైడు, ఆ వెనక దొరలూ దొరసానులూ, అందరికన్నా చివర టీ బుట్ట. బుట్ట మోసేవాడు దారిలో నోరు మెదపకూడదు. పెళ్లి కాకముందు పట్టిన ఆ బుట్టే ఇప్పుడు మ్వాన్సా మనవలకు కూడా తిండి పెడుతోంది. మోసీ మోసీ కుడి భుజం కిందికి జారిపోయింది. దొరలు తీసే ఫోటోల్లో ఏనుగులు పడతాయి, జెరె తుపాకీ పడుతుంది. మ్వాన్సా పడడు.

"ఏం బావా, కోతిమాంసం అరిగిందా?" అన్నాడు తుపాకీ తుడుచుకుంటున్న జెరె.

"ఎలుకలు తినే నోటికి కోతి ఊసెందుకు?"

మ్వాన్సాది బెంబా తెగ, జెరెది న్గోనీ తెగ. తాతలు కత్తులు దూసుకున్నారు కాబట్టి మనవలు బావల వరసలో వేళాకోళాలాడుకోవాలని అక్కడి ఆచారం. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు. చావింట్లో సైతం వరసైనవాడు శవాన్ని వెక్కిరించి నవ్వించాలి. వాళ్లిద్దరూ ఇన్నేళ్లుగా సూటిగా ఒక్క మాట మాట్లాడుకున్న పాపాన పోలేదు. ఒకరిమీద ఒకరికి ప్రాణం.

ఎండిన వాగు దగ్గర జెరె చెయ్యెత్తి ఆగిపోయాడు. దొరలంతా సింహమేనని ఊపిరి బిగబట్టారు. సింహమూ లేదు, నక్కా లేదు. దారి వంపు తిరిగినచోట మ్వాన్సాకి అతని రెండో చెయ్యి కనిపించింది. అది ఛాతీని నొక్కుకుని ఉంది. ఈమధ్య ఇలా జరగడం ఇది మొదటిసారి కాదు.

టీకి ఆగినప్పుడు జెరె పెదాలు బూడిదరంగులో ఉన్నాయి. మ్వాన్సా గైడు బాండా పక్కకు చేరాడు.

"బాండా గారూ, జెరెకి బాగాలేదు. గుండె పట్టుకుంటున్నాడు. జీపు పిలిపించండి, ఆసుపత్రికి పంపిద్దాం."

బాండా పకపకా నవ్వాడు. "పొద్దున్నే మొదలెట్టావా! మొన్నే కదయ్యా అతనికి తోక మొలిచిందన్నావు?"

"వేళాకోళం కాదండీ. నిజంగా!"

"నిజం కాదని నువ్వెప్పుడన్నావు గనక?"

"నమ్మకండి బాండా గారూ," అన్నాడు జెరె, చెట్టుకు ఆనుకుని. "నా వాటా కేకు కొట్టేద్దామని వీడి ఎత్తు."

భాష తెలియని దొరలు కూడా నవ్వారు. బుట్ట నేలకేసి కొట్టాల్సింది. బాండా చొక్కా పట్టుకుని అరవాల్సింది. ఇన్నేళ్ల అలవాటు మ్వాన్సా నాలుకను లాక్కుపోయింది.

"చావు మరి. నీ కేకూ నేనే తింటా," అన్నాడు. జెరె కూడా నవ్వాడు.

మధ్యాహ్నం విడిదికి తిరిగొచ్చాక మ్వాన్సా గబగబా కప్పులు కడిగాడు. ఈసారి నేరుగా మేనేజరు దగ్గరికే పోదామని, జెరెని కూడా లాక్కుపోదామని వంటపాక వెనకకు వెళ్లాడు. జెరె చింతచెట్టుకు వీపు ఆనించి, పక్కన భోజనం పళ్లెంతో కూర్చున్నాడు.

"లే, ఎలుకల దొరా. తిన్నది చాలు."

జవాబు రాలేదు. మాటకు మాట అనకుండా ఊరుకునే మనిషి కాదు జెరె. మ్వాన్సాకి అక్కడే అర్థమైపోయింది. ముట్టుకుని చూడడానికి మాత్రం చాలాసేపు చెయ్యి రాలేదు.

పొద్దున అడిగిన జీపు అప్పుడొచ్చింది. జెరెని దుప్పట్లో చుట్టి ఎక్కించాక అందరూ మ్వాన్సా వైపు చూశారు. బాండా తలెత్తకుండానే అన్నాడు:

"ఏదో ఒకటి అనవయ్యా. వరసైనవాడివి. ఊరికే సాగనంపకూడదు."

మ్వాన్సా జీపు అంచు పట్టుకున్నాడు. "ఒరేయ్ బావా," అన్నాడు. "నా మాట నిజమని వీళ్లకు చెప్పడానికి నువ్వు చావాలట్రా?"

ఆచారం ప్రకారం వంటవాళ్లు నవ్వారు. మ్వాన్సా వెక్కి వెక్కి ఏడుస్తున్నాడని తెలిసేసరికి కొంచెం ఆలస్యమైంది.

జీపు వెళ్లిపోయింది. దుమ్ము అణిగాక అతను చింతచెట్టు కిందికి తిరిగొచ్చాడు. అక్కడ జెరె పళ్లెంలో, చిక్కుడుగింజల కూర పక్కన, సంకటి ముద్ద ఒకటి గుండ్రంగా చేసి ఉంది. కూర అద్దుకోవడానికి బొటనవేలితో నొక్కిన గుంట దానిమీద ఇంకా అలాగే ఉంది.