జుందీ బిగించిన యంత్రం

తలుపు తెరుచుకోకముందే ఆ చప్పుడు వినిపించింది. టిక్కు, టిక్కు. ఆపైన దగ్గు. మళ్ళీ టిక్కు. వేడికి సాగుతున్న కిరసనాయిలు హీటరు రేకు చేసే చప్పుడది. నెల కిందటే ఆగిపోవలసిన చప్పుడు.

జగిత్యాలకు చెందిన ఏసీ మెకానిక్కు, భుజాన సామాను సంచితో, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రా సిపాయీ," అంది మెహరున్నిసా. కడప మనిషి, అరబ్బు దేశంలో, ఖోబర్‌లో నర్సు. అల్ అజీజియాలోని ఆ అద్దె ఇంట్లో అత్త ఖుర్షీదాతో ఉంటోంది. "మీ షాపు ఫక్రుద్దీన్ సాబ్ వచ్చినాడు. ఇండ్ల కంపెనీ ఆయనా వచ్చినాడు. మా కాగితం తిరగ్గొట్టినారంట."

లోపల గోడ మీద కొత్త యంత్రం, ఎండకు చల్లగాలీ చలికి వేడిగాలీ ఇచ్చేది, అతను బిగించిన నాటి ప్లాస్టిక్ తొడుగుతోనే ఉంది. దాని కింద, ఏడేళ్ళ కిందటి యుద్ధం నాటి చలికాలంలో కొన్న హీటరు. దాని పక్కన, దుప్పటిలో, పొగలో, ఖుర్షీదా.

"ఇంక ఎయ్యలేదా అమ్మా?" అన్నాడు మెకానిక్కు, కొత్త యంత్రం వైపు చూసి.

"ఎట్లేసేది నాయనా? వాడినదాన్ని మీ షాపోళ్ళు వెనక్కి తీసుకోరు గదా," అంది ఖుర్షీదా.

ఆ సంవత్సరం ఇళ్ళ కంపెనీ ఒక వెసులుబాటు ఇచ్చింది: పాత హీటరు అప్పగించడానికి ఒప్పుకుని, ఖర్చు తగ్గించే యంత్రం పెట్టించుకున్నవారికి ఖరీదులో సగం అద్దెలో తగ్గుతుంది. ఆ సగం తగ్గకపోతే దాన్ని ఉంచుకునే స్తోమత మెహరున్నిసాకు లేదు. అర్జీకి అదే ఆఖరి రోజు.

కంపెనీ తనిఖీదారు అర్జీకి జతచేసిన రసీదు మీద వేలు పెట్టి, వచ్చీరాని ఉర్దూలో అడిగాడు. "బిగించినవాడు జుందీ అని రాశారు. అంటే సిపాయి. మా జాబితాలో ఉన్నది మేం శిక్షణ ఇచ్చిన మెకానిక్కులు, వాళ్ళు బిగిస్తేనే తగ్గింపు. సైన్యాన్ని నేనెక్కడ వెతకను?"

ఫక్రుద్దీన్ గతుక్కుమన్నాడు. హైదరాబాదు గుమాస్తా, రసీదు రాసింది ఆయనే. "అరె, షాపుల అందరం అట్లనే పిలుస్తం గద సాబ్."

పొరపాటు పాతది. మెకానిక్కు పాస్‌పోర్టులో ముందుండేది ఇంటిపేరు, గుండేటి. అరబ్బీ లిపిలో 'గ' లేదు కనుక ఇక్కడ ఉండి పనిచేయడానికిచ్చే పర్మిట్ రాసినవాడు దాన్ని జుందీతి చేశాడు. చివరి అక్షరం జనం నోట అరిగిపోయింది. రోడ్ల నిండా సైనికుల బండ్లు తిరిగిన రోజులవి. జుందీ అన్న పిలుపు నవ్వు తెచ్చింది, నవ్వుతోనే నిలిచిపోయింది. యుద్ధం ముగిసి ఏడేళ్ళయింది. సిపాయి మాత్రం ఇంటికి పోలేదు.

ఫక్రుద్దీన్ గొంతు తగ్గించి, తెలుగులో అడిగాడు. "మియా, నీ అసలు పేరు ఏంది?"

"ఏడేండ్ల సంది మీరు అడగలే కద సాబ్."

"ఇప్పుడు అడుగుతున్న. మాటలతోని సంపకు, చెప్పు."

ఒక్కసారిగా నలుగురు తనవైపే చూస్తుంటే పేరు నోటితో చెప్పడం అతనికెప్పుడూ చేతకాదు. తలవంచుకుని తనిఖీదారు చేతిలోని జాబితా అందుకున్నాడు. శిక్షణకు వెళ్ళిన నాడు ఎవరి పేరు వారే ఇంగ్లీషులో రాసుకున్న జాబితా అది. పదకొండో వరుస మీద వేలు ఆనించి, జేబులోని పర్మిట్ తీసి పక్కన పెట్టాడు. తనిఖీదారు అటు చూశాడు, ఇటు చూశాడు. ఇంటిపేరూ, అరబ్బీలో మారిన ఒక్క అక్షరమూ పక్కన పెడితే రెండూ ఒకటే. రసీదులోని సిపాయిని అడ్డంగా గీసి, పైన సరైన పేరు రాసి, ముద్ర కొట్టాడు.

"పాసైందా?" అంది మెహరున్నిసా.

"పాస్," అన్నాడు ఫక్రుద్దీన్. "సిపాయిని ఇంటికి తోలిన్రు."

మెహరున్నిసా కుర్చీ ఎక్కి ప్లాస్టిక్ తొడుగు పరపరా చించింది. అతను మీట నొక్కాడు. యంత్రం రెక్క మెల్లగా విచ్చుకుంది. కాసేపటికి పొగలేని వెచ్చదనం దిగివచ్చింది.

ఖుర్షీదా దుప్పటి లోంచి చెయ్యి చాపింది. "ఇంక ఆ పాతదాన్ని ఆర్పెయ్ నాయనా. ఊరికే సిపాయీ సిపాయీ అంటిమి. కాగితం మీద రాసుకుంటే నాకేం తెలుస్తాది? నోరు తెరిచి చెప్పు, నిన్ను ఏమని పిలవాల?"

అతను వంగి హీటరు ఆర్పాడు. టిక్కు, టిక్కు... టిక్కు. ఆగింది. ఆ నిశ్శబ్దంలో, తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తుండగా, అన్నాడు:

"యాదగిరి."