ఆరంగుళాలు

చట్టాలకు ముసాయిదా రాసే ఆఫీసులో అందరూ ఆయన్ని కామాగారు అనేవారు. ఒక్క కామా కోసం మంత్రితోనైనా వాదిస్తాడని పేరు. నిజం చెప్పాలంటే, కామా దాటి ఆయన ఎన్నడూ వాదించింది లేదు.

బాల్కనీ కమ్ముల చట్టం ఆయన బల్ల మీదికి వచ్చేసరికి అందులో ఒక ఖాళీ ఉంది. కమ్మికీ కమ్మికీ మధ్య సందు ఎన్ని అంగుళాలకు మించకూడదో ఎవరూ రాయలేదు. ఈ చట్టం కోసం రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగిన తల్లినే పిలిపించి అడిగాడు. బట్టలు కుట్టుకుని బతికే మనిషి. మూడేళ్ళ కూతురు అలాంటి సందులోంచే జారి నాలుగో అంతస్తు నుంచి పడిపోయింది. పాపకు టోపీ కుట్టిన కొలత ఆమెకు నోటికి వచ్చు. తల వెడల్పు ఐదున్నర. ఆయన ఐదు అని రాశాడు.

కమిటీలో బిల్డర్లు ఏడు కావాలన్నారు. ఇనుము ధర మండిపోతోందట. అధ్యక్షుడు టీ తాగుతూ, ఎవరికీ నొప్పి లేకుండా ఆరు వేసేద్దాం, ఏమంటారు కామాగారూ అన్నాడు. ఐదున్నర సంగతి గొంతుదాకా వచ్చింది. "మీ ఇష్టం సార్" అన్నాడు. బేరం కుదిరింది, చట్టానికి అంకె దొరికింది.

ఆ సాయంత్రం సాపు ప్రతి రాస్తుంటే కుర్చీ వెనక ఎవరో చిన్నపిల్ల నిలబడ్డట్టు అనిపించింది. తిరిగి చూస్తే గోడ నిండా పాత చట్టాలే. బావికి మూత ఉండాలన్నది ఒకటి, లిఫ్టుకు రెండో తలుపు ఉండాలన్నది ఒకటి. ఒక్కోదాని వెనక ఎవరో ఒకరు పోయే ఉంటారని ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయనకు తట్టనే లేదు. అప్పటి నుంచి ఆ గదిలో ఒంటరిగా కూర్చోవాలంటే భయం.

చట్టం అచ్చయ్యాక ఆమె ఒక ప్రతి కోసం వచ్చింది. కాగితం విప్పకుండానే అడిగింది.

"బాబాయ్ గారూ, ఈ కమ్ములే అప్పుడుంటే మా పాప ఆగేదా?"

"ఆగేదమ్మా."

అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు ఆయనకే సిగ్గేసింది.

ఆమె ముఖం విప్పారింది. ఇంటి యజమాని ఈరోజే చట్టం ప్రకారం కొత్త కమ్ములు బిగిస్తున్నాడట. పాప పోయిన నాడు తానే బాల్కనీ తలుపుకు మేకులు కొట్టేసిందట. ఆ తర్వాత పుట్టిన చిన్నదానికి రెండో ఏడు వచ్చింది, పాపం ఇంతవరకు గాలి మొహం చూడలేదు, ఇంటికెళ్ళగానే ఆ మేకులు తానే పీకేస్తానని చెప్పి మెట్లు దిగింది.

కామాగారు కుర్చీ తోసేసి పరిగెత్తాడు.

"ఆ తలుపు తియ్యకమ్మా. ఆరు వేశారు. ఐదున్నరని తెలిసీ నేను నోరు విప్పలేదు."

ఆమె మెట్టు మీదే కూలబడి, కాగితం విప్పి, ఆ అంకె ఎక్కడుందా అని వెతకసాగింది.