నిద్రకు కాపలా

త్రాసు కొక్కేనికి వేలాడే గుడ్డసంచిలో దిసమొల మగబిడ్డ కాళ్లు తన్నుకుంటూ ఏడుస్తున్నాడు. ముల్లు నిలబడేదాకా నర్సు ఊపిరి బిగబట్టి నిలుచుంది. తలుపు దగ్గర తండ్రి, మంచం అంచున తల్లి, ఇద్దరూ పరీక్ష ఫలితాలకు వచ్చినవాళ్లలా ఆమె మొహంకేసే చూస్తున్నారు.

"పెరిగాడు," అంది.

ఇద్దరూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు. ఆమె బిడ్డను సంచిలోంచి తీసి, తల్లి చాచిన చేతులను దాటించి తండ్రికి అందించింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"జారిపోతాడేమోనమ్మా."

"జారిపోవడానికి వాడేమన్నా సబ్బుబిళ్లా? పట్టుకో బాబూ. చూస్తూ నిలబడితే పిల్లలు పెరగరు."

ఆ పేటలో తొలి కాన్పు అయిన ప్రతి ఇంటికీ వారానికోసారి వెళ్లి చూసి రావడం ఆమె ఉద్యోగం. త్రాసు సంచి భుజాన వేసుకుని తిరుగుతుంది కాబట్టి తూకాలమ్మ అంటారు. మొదట్లో ఎవరో ఎగతాళికి అన్న మాట. ఇప్పుడు ఆఫీసులో బల్లల దగ్గరా అదే పేరు, ఆమె కూడా అలా పిలిస్తేనే త్వరగా పలుకుతుంది. నిజానికి తూకం ఒక సాకు. బిడ్డ బరువు చూస్తానంటే ఏ ఇల్లయినా తలుపు తీస్తుంది, తల్లి మనసు చూస్తానంటే ఏ ఇల్లూ తీయదు. లోపలికి వెళ్లాక ఆమె కళ్లు చూసేవి వేరు. తల్లి తల దువ్వుకుందా, తిన్న పళ్లెం ఎక్కడుంది, మొగుడూ పెళ్లాలు ఒకరి మాట ఒకరు పూర్తి కానిస్తున్నారా.

ఈ ఇల్లు బాగానే ఉంది. చెప్పులు వేసుకుని వీధిలోకి దిగింది.

ఎడమ భుజం లాగుతోంది. కొన్నాళ్లుగా లాగుతూనే ఉంది. సంచి బరువని కుడి భుజానికి మార్చింది. అయినా లాగేది ఎడమదే. మరదలు పోరు పడలేక గుండె డాక్టరు దగ్గర ఇవాళ మధ్యాహ్నానికి పేరు రాయించుకుంది. సరిగ్గా అదే వేళకు లిఫ్టు మెకానిక్ భార్యను చూడాలి. కూడలి దగ్గర కాసేపు ఆగింది. ఇన్నేళ్లు కొట్టుకున్న గుండె ఇంకో వారం కొట్టుకోదా అనుకుని లిఫ్టు మెకానిక్ ఇంటివైపు తిరిగింది. ఇదే మాట ఇంకెవరన్నా అనుంటే చెడామడా తిట్టి పంపేది.

ఆమెకు పెళ్లి కాలేదు అనడం కన్నా పెళ్లికి తీరిక దొరకలేదు అనడం న్యాయం. తల్లి పక్షవాతంతో మంచాన పడింది, తర్వాత తమ్ముడి చదువు, ఆ తర్వాత తమ్ముడి పిల్లలు. ఆ పిల్లల స్నానాలూ జ్వరాలూ అన్నీ ఆమె చేతుల మీదుగానే జరిగాయి. ఇప్పుడు వాళ్లు అత్తా అని పిలిచి, తలుపు వేసుకుని ఫోన్లు చూసుకుంటారు. తమ్ముడి ఇంట్లో పాత పెట్టెలు పేర్చిన గది ఆమెది. రాత్రి గిన్నెలు కడిగిన తర్వాత పడుకుని, అందరికన్నా ముందు లేస్తుంది. తెల్లారి ఊళ్లోకి వచ్చి, బిడ్డ పడుకున్నప్పుడు మీరూ పడుకోండమ్మా, ఒళ్లు నిలబడాలి అని ఇంటింటికీ చెబుతుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా!

ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసే ఆ మెకానిక్ ఉండేది లిఫ్టు లేని ఇంట్లో, పై అంతస్తులో. మెట్ల మలుపు మలుపుకీ ఆగి గోడ పట్టుకుంది. పైకి చేరేసరికి అతను గడప దగ్గరే నిలబడి ఉన్నాడు, పనికి వెళ్లే బట్టలతో.

"నిన్నా పడుకోలేదమ్మా," గొంతు తగ్గించి చెప్పాడు. "మీ సూపర్‌వైజరుగారు ఫోన్ చేశారు. ఈ వారం కూడా ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చాలంటున్నారు. పాపని పక్కన ఉంచరట గదా?"

"ఉంచరు."

"పాపని తీసేస్తే ఇది బతకదమ్మా."

"నాకు తెలుసు. నువ్వు పనికెళ్లు బాబూ."

లోపల అతని భార్య ఉయ్యాల పక్కన నేల మీద కూర్చుని ఉంది. పాలమరకలు ఎండి అట్టకట్టిన నైటీ. కళ్ల కింద నలుపు చెంపల దాకా దిగింది. కుడిచేతి రెండు వేళ్లు పాప ముక్కు కింద ఉన్నాయి. నర్సు వచ్చినా తల ఎత్తలేదు. బిడ్డకు ఇంకా రెండు నెలలు నిండలేదు; పుట్టిన రోజు నుంచీ ఆ వేళ్లకు అదే పని. బిడ్డకు ఏ జబ్బూ లేదు, గుండ్రాయిలా ఉంది. తాను కళ్లు మూసిన క్షణంలోనే దాని ఊపిరి ఆగిపోతుందని తల్లి నమ్మకం. డాక్టరు మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే నిద్రొస్తుందని ఈమె మానేసింది. నిద్ర కోసం ఇచ్చిన మందును నిద్రొస్తుందని మానేసే మనిషికి ఎవరేం చెప్పగలరు?

తూకాలమ్మ త్రాసు తీయలేదు. పక్కనే నేల మీద చతికిలబడింది.

"దీని ఊపిరి నువ్వు కాపలా కాస్తే ఆడుతోందా తల్లీ?"

"ఏమో. కాయకపోతే ఏమవుతుందో తెలీదుగా."

"తెలుసుకుందాం. నేను కాస్తాను, నువ్వు పడుకో."

తల్లిని పంపించి బిడ్డను తాము పట్టుకోకూడదని ఆఫీసు నిబంధన. మీరు నర్సు, ఆయా కాదు అని సూపర్‌వైజరు రెండుసార్లు మందలించింది. తూకాలమ్మ తలూపేది, తన దారిన తాను చేసేది. ఎత్తుకునే చెయ్యి ఇంకొకటి దొరికితే సగం జబ్బులు వాటంతటవే పోతాయని ఆమె వైద్యం. ఈ ఇంట్లో మాత్రం అది ఇన్ని వారాలుగా సాగలేదు. ఈ తల్లి లోపలికి వెళ్లేది, మంచం చప్పుడయ్యేది, వెంటనే లేచి వచ్చేసేది.

"మీరు కునుకు తీస్తే?"

"నాకు పగటి నిద్ర రాదు. ఒట్టు."

"నేను లేచేదాకా ఇక్కడే ఉంటారా?"

"అదిగో, ఆ కుర్చీలోంచి కదలను. విను, నువ్వు పడుకున్నంత మాత్రాన ఎవరూ పోరు. పో, పడుకో."

ఆమె చాలాసేపు నర్సు మొహం చూసింది. ఏమనుకుందో, పాప ముక్కు కింద నుంచి వేళ్లు తీసింది. లోపలి గది తలుపు తెరిచే ఉంచి మంచమెక్కింది. నర్సు బిడ్డను ఒళ్లో వేసుకుని కుర్చీలో కూర్చుని చెవులు రిక్కించింది. మంచం కిర్రుమంది. కాసేపటికి మళ్లీ కిర్రుమంది. ఇక లేచి వచ్చేస్తుంది అనుకుంటుండగా సన్నగా మొదలై, పోనుపోను బండి లాగినట్టు గురక వినిపించింది.

తూకాలమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎవరి గురకా ఆమెకు అంత ఇంపుగా వినిపించలేదు.

"మీ అమ్మ పడుకుందే," అని పాప చెవిలో చెప్పింది.

నొప్పి భుజంలోంచి దవడలోకి పాకింది, ఆ తర్వాత ఛాతీ మీద కూర్చుంది. నుదుటిన చెమట కళ్లజోడు మీదికి కారుతుంటే తీసి కిటికీ గూట్లో పెట్టింది. ఇది సంచి బరువు కాదు. ఆమె నర్సు, ఆమెకు తెలుసు. ముందు లేచి పాపను ఉయ్యాలలో వెల్లకిలా పడుకోబెట్టింది, దుప్పటి మొహం మీదికి రాకుండా చంకల కిందికి దోపింది. మళ్లీ కుర్చీలో కూలబడింది.

ఫోను గుమ్మం దగ్గర సంచిలో ఉంది. అంత దూరం నడిచే ఓపిక లేదు. కానీ ఒక్క కేక చాలు, లోపలి మనిషి లేచి వస్తుంది. లేచి వచ్చి చూసేదేమిటి? కాపలా కాస్తానన్న మనిషి గుండె పట్టుకుని వంకర్లు తిరగడం. ఆ తర్వాత ఈ జన్మలో ఆ పిల్ల కన్ను మూయదు. నిద్రపోయిందని రాస్తే ఆస్పత్రి తప్పుతుంది, బిడ్డ దగ్గరే ఉంటుంది. ఇంకాసేపు పడుకోనిస్తే చాలు. నొప్పులు వస్తాయి, పోతాయి. కాస్త తగ్గాక మెల్లగా పిలవచ్చు. ఆమెకు భయం లేక కాదు, చాలా భయం వేసింది. పెట్టెల గది గుర్తొచ్చింది, తన తల్లి గుర్తొచ్చింది. అయినా పళ్లు బిగబట్టి గురక వింటూ కూర్చుంది. ఎంత మంచి మనిషి, ఎంత తప్పు లెక్క.

లోపలి ఆవిడ లేచేసరికి గోడ మీద ఎండ పోయింది. ఒళ్లు దూదిలా ఉంది. తాను ఎక్కడుందో ఒక్క క్షణం తెలియలేదు, తెలిశాక కూడా గుండె దడదడలాడలేదు. తనలో తనే నవ్వుకుని, జుట్టు ముడి వేసుకుంటూ ముందు గదిలోకి వచ్చింది.

"అమ్మా, పడుకున్నాను! నిజంగా పడుకున్నాను!"

పాప మెలకువగా ఉంది, పిడికిలి చప్పరిస్తోంది. తూకాలమ్మ కుర్చీలోనే ఉంది, గడ్డం గుండెలకు ఆనించి.

"పగటి నిద్ర రాదన్నారుగా," అని నవ్వుతూ చెయ్యి పట్టుకుంది.

చెయ్యి చల్లగా ఉంది. ఆమె రెండు వేళ్లు చాచి నర్సు ముక్కు కింద పెట్టింది. ఆ పని ఆమెకు బాగా అలవాటు. చాలాసేపు అలాగే ఉంచింది.

తమ్ముడు వచ్చి తీసుకెళ్లాడు. మెట్ల మీద స్ట్రెచరు తిరగక ఇబ్బంది పడ్డారు. త్రాసు సంచి భుజాన వేసుకుని, వెళ్లేముందు అతను కళ్లు తుడుచుకుంటూ, "అక్క గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందమ్మా ఆ పూట. మీ తప్పేం లేదు," అన్నాడు. ఆమె తలూపింది.

తర్వాతి వారం కొత్త నర్సు వచ్చింది. చిన్న వయసు, నిబంధనలు తెలిసిన మనిషి. పాపను తూచి పెరిగిందంది. తల్లి తల దువ్వుకుని, ఉతికిన నైటీ వేసుకుని, తిన్న పళ్లెం కనబడేట్టు బల్ల మీద పెట్టుకుని కూర్చుంది.

"నిద్ర పడుతోందా అండీ?"

"పడుతోంది."

"మంచిగా పడుతోందా?"

"మంచిగా పడుతోంది."

కొత్త నర్సు సంతోషించింది. ఇక ఆస్పత్రి అవసరం రాదని మెకానిక్‌తో గడప దగ్గర చెప్పి వెళ్లింది. అతను ఆ మాట నమ్మాడు. నమ్మకపోతే పనికి ఎలా వెళ్తాడు?

అతను కూడా వెళ్లాక ఆమె తలుపు గడియ పెట్టి ఉయ్యాల దగ్గర కూర్చుంది. వేళ్లు పెట్టింది. కానీ ఈ మధ్య ఆ వేళ్ల మీద ఆమెకు నమ్మకం పోయింది. ఊపిరి లేనిదీ ఉన్నదీ ఒకేలా తగులుతున్నాయి. లేచి కిటికీ గూట్లోంచి ఎవరూ తీసుకెళ్లని కళ్లజోడు అందుకుంది. నైటీ అంచుతో తుడిచి, పాప ముక్కు దగ్గర పట్టుకుంది. అద్దం మీద గోరంత మసక కమ్మింది, పోయింది, మళ్లీ కమ్మింది.