తుడిచిన నేల

మొదటి రోజు గుడ్లు మేం తినడానికి తియ్యం, పారెయ్యడానికి తీస్తాం. దీవి మీద ఇసుకలో పక్షులు గుంటకొకటి చొప్పున పెట్టిన గుడ్లన్నీ ఏరి, బుట్టలకెత్తి సముద్రంలో పారబోస్తాం. ఏది తాజాదో, దేంట్లో పిల్ల కట్టిందో పైనుంచి తెలియదు కదా. నేల ఖాళీ చేస్తే పక్షులు మళ్ళీ పెడతాయి, పది రోజులాగి వస్తే దొరికేవన్నీ తాజావే. మా తీరంలో దీన్ని తుడవడం అంటారు. ఏరడం మగవాళ్ళ పని. నిండిన బుట్ట నెత్తిన పెట్టుకుని, మోకాళ్ళలోతు నీళ్ళలోకి నడిచి పారబోయడం ఆడవాళ్ళ పని. బరువు మాకెందుకొచ్చిందని అడిగినవాళ్ళు నాకు తెలిసి లేరు. ఆరేళ్ళుగా నేనూ అడగలేదు.

ఆ ఉదయం ఐదో బుట్ట దించుతుంటే నడుములో కలుక్కుమంది. రాతి చాటుకు వెళ్ళి చూసుకున్నాను. ఒక్క చుక్క, ఎర్రగా. నాకు మూడో నెల. ఇది మూడో కడుపు. మొదటి రెండూ పోయాయి, రెండూ ఇలాగే ఒక్క చుక్కతో మొదలయ్యాయి. మొదటిసారి ఖర్జూరం గంపలు దించుతున్నాను. రెండోసారి ఆడబిడ్డ పెళ్ళికొచ్చిన చుట్టాలకు నీళ్ళు మోస్తున్నాను. అందుకే ఈసారి రేవులో ఆసుపత్రి నర్సు నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది, "చుక్క కనబడిందా, ఆ గంటే రా తల్లీ. మందుంది. ఆలస్యం చేస్తే నేనేం చెయ్యలేను" అని. దీవి నుంచి రేవుకు గంటన్నర. సముద్రం అప్పటికే వెనక్కి పోతోంది. ఇంకో అరగంటైతే మా పడవ ఇసుకలో కూరుకుపోతుంది, సాయంత్రం మళ్ళీ పోటు వచ్చేదాకా కదలదు.

నా భర్త దర్వీష్ వంగి గుడ్లు ఏరుతున్నాడు. నెత్తిమీద వేల పక్షులు గోలగోలగా తిరుగుతున్నాయి, అరిస్తేగానీ మాట వినబడదు. చెవిలో చెప్పుకోవలసిన మాట నేను గొంతు చించుకుని చెప్పాను.

"చుక్క కనబడింది! ఇప్పుడే పోదాం!"

"ఏంటి?"

"రక్తం!"

దీవి మీద ఉన్నది మేం ముగ్గురమే అయినా, ఎవరో వింటున్నట్టు అటూ ఇటూ చూశాడు. "అరవకు. ఇంకో రెండు చోట్లు మిగిలున్నాయి. పోటు రాగానే పోదాంలే. కాసేపు కూర్చో, అదే తగ్గుతుంది. ఒక్క పూట ఓపిక పట్టలేవూ?"

"నర్సు ఆ గంటే రమ్మంది."

"నర్సుకేం, నోటికొచ్చింది చెప్తుంది. పనెవరు చేస్తారు?"

మా అత్త మాహ్‌బీబీ ఖాళీ బుట్టతో వచ్చింది. ముఖానికి కట్టుకున్న ముసుగులోంచి ఆవిడ కళ్ళు నా పొట్ట దాకా దిగి మళ్ళీ పైకొచ్చాయి. "మొదలెట్టావా? మేం మొయ్యలేదటే? వీడు కడుపులో ఉండగా ఇదే దీవిలో నలభై బుట్టలు పారబోశాను. పోతే పోతుంది, మళ్ళీ వస్తుంది. గుడ్డు పోయిందని పక్షి ఏడుస్తూ కూర్చుంటుందా?"

కిందటి రెండుసార్లూ ఆవిడ ఇదే మాటంది. రెండోసారైతే నా రక్తపు బట్టలు నేనే ఉతుక్కుంటుంటే, వెనకాల నిలబడి అంది. ఆ మాటకు అప్పుడు తలూపాను కూడా. కానీ పక్షి సంగతి అత్తకంటే నాకే బాగా తెలుసు. ఆవిడ బుట్టలు చూసింది, నేను ఆరేళ్ళు నీళ్ళలో నిలబడి పక్షుల్ని చూశాను. ఎండ ఎక్కాక గుడ్డు మీంచి లేస్తే పది నిమిషాల్లో ఇసుకలోనే ఉడికిపోతుంది. అందుకే అవి రెక్కలు దించి నీడ పడతాయి, పొట్ట సముద్రంలో తడుపుకొచ్చి గుడ్డు మీద కూర్చుంటాయి. ఆడదొక్కటే కాదు, మగదీ కూర్చుంటుంది, వంతు వేసుకుని. రాళ్ళ వైపు మూల ఉందే, నాలుగేళ్ళ కింద ఒకే ఏడు దాన్ని రెండుసార్లు తుడిచాం. మూడోసారి అక్కడ ఒక్క పక్షీ గుడ్డు పెట్టలేదు. మరుసటేడూ రాలేదు. ఈ రోజుకీ ఆ మూల ఖాళీగానే ఉంది. అత్త మాత్రం పక్షులు మళ్ళీ వస్తాయనే అంటుంది.

"సరే, పడవలో కూర్చుంటా" అన్నాను.

"అదిగో, బుద్ధొచ్చింది. ఆ ఎండలో ఎందుకు, గుడారంలో కూర్చో" అన్నాడు దర్వీష్, తలెత్తకుండానే.

పడవ వైపే నడిచాను. అడుగు తీసి అడుగు వెయ్యాలంటే భయం, గుడ్డు తొక్కుతానని కాదు, నాలో ఏది జారుతుందోనని. నీళ్ళు పిక్కల దాకే ఉన్నాయి. మంచినీళ్ళ డబ్బా, రొట్టెలు, ఖర్జూరం పొద్దున్నే గుడారంలో పెట్టాం, వాళ్ళకు సాయంత్రం దాకా ఢోకా లేదు. అది రెండుసార్లు గుర్తు చేసుకున్నాను. పడవెక్కి కూర్చున్నాను. లంగరు లాగితే బరువు. చేపల కత్తితో తాడు కోసేశాను. తడి తాడు మీద మూడుసార్లు కత్తి జారింది. ఇంజను నడపడం మా నాన్న నేర్పించాడు. పెళ్ళయ్యాక, ఆడది తోలితే నలుగురూ నవ్వుతారని దర్వీష్ ముట్టుకోనివ్వలేదు. మీట నొక్కాను. ఒక్కసారికే అందుకుంది.

ఆ చప్పుడుకు ఇద్దరూ ఒడ్డుకు పరిగెత్తుకొచ్చారు.

"సల్మే! పిచ్చెక్కిందా నీకు? ఆపు!"

"మేమెలా వస్తామే?" అని మాహ్‌బీబీ గుండెలు బాదుకుంది.

"పోటు రాగానే మా అన్న పడవ పంపిస్తా!" నేనూ అరిచాను, ఈసారి సిగ్గుపడకుండా. "గుడారంలో కూర్చోండి! ఒక్క పూట ఓపిక పట్టలేరూ?"

ఒడ్డున ఆ ఇద్దరూ నిలబడిపోయారు. దీవి నడుమ ఇప్పుడు ఎవరూ లేరు. ఇంకా తుడవని వైపు పక్షులు ఒక్కొక్కటే దిగి, గుడ్లు వెతుక్కుని కూర్చుంటున్నాయి. ఎన్ని ఉడికిపోయాయో, ఎన్ని మిగిలాయో నాకు తెలియదు. నాలో ఆ చుక్క ఆగిందో లేదో చూసుకునే ధైర్యమూ నాకు లేదు. కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కదలకుండా కూర్చుని, పడవను రేవు వైపు తిప్పాను.